రంగు జారిన పూట

కేసముద్రం

సంపత్ అన్నకు, ఇక్కడ ఏ ఆపదా లేదు.

కొత్తగూడలో నీ ఫోను కలవడం లేదు, చెప్పకుండా ఉండలేక ఈ కార్డు రాస్తున్నాను. పక్షవాతం వచ్చాక అమ్మ కుడిచేయి కదల్లేదు కదా. నిన్న ఆమె పక్కనే కూర్చుని అక్రిలిక్ రంగుల్లో తెల్ల జిగురు, నీళ్లు కలిపి, తేనెలా జారేదాకా తిప్పాను. అన్నీ ఒకే గ్లాసులో పోసి కాన్వాసు మీద బోర్లించాను. రంగు పారడానికి అటూ ఇటూ వంచుతుంటే కాన్వాసు నా చేతుల్లోంచి జారింది. "రంగంత కింద వడుతది బిడ్డా!" అంటూ అమ్మ అంచు పట్టేసింది. రెండు చేతులతో, అన్నా!

నేను ఏడుస్తుంటే, "ఏడ్సుడేందే? ముందుగాల గది బల్ల మీద సక్కగ వెట్టు" అంది.

తర్వాత చేయి మళ్లీ లేవలేదు. రంగు ఆరేదాకా బల్ల కదపకూడదు, నేనేమో ఊరికే లేచి రంగునూ అమ్మ వేళ్లనూ చూసొస్తున్నాను. దవాఖానకు తీసుకుపోవాలి, శనివారం రాగలవా? వస్తూ మానుకోటలో నీలం రంగు డబ్బా కొను. వదిన దగ్గు తగ్గిందా? మీ ఇల్లు కురుస్తోందా?

పిల్లలకు ముద్దులు. అమ్మ నీకు చెప్పమన్న మాట: "జర జల్ది రా కొడుకా, గీపారి రంగు నేనే వంపుత."

నీ చెల్లె
జ్యోత్స్న