నా ఓటుకు తాళం వేయించుట గురించి

అక్టోబరు, శనివారం. నైరుతి గాలి, సన్నవాన. బంగాళాదుంపల గోతాలు నేలమాళిగలోకి దించడమైనది. ఒక గోతాం చినిగింది.

దీవి ఎన్నికల అధికారిణి శ్రీమతి హెల్గి ప్రీమా గారి సముఖమునకు, తూర్పు రేవు గ్రామ కాపురస్థుడు హెల్దుర్ లాయిద్ వ్రాసుకొన్న అర్జీ.

విషయం: వేసిన ఓటును మళ్ళీ మళ్ళీ మార్చకుండా నా ఓటుకు తాళం వేయించుట, మరియు ఓటు రహస్యమన్న సంగతి నా భార్యకు తమరే స్వయంగా చెప్పుట గురించి.

అమ్మా,

ఏ కాగితం మీదనైనా ముందు తేదీ, గాలి, ఆ పూట చేసిన పని వ్రాయడం నాకు అలవాటు. తమకు అక్కర లేకపోతే పై వరుస విడిచిపెట్టి చదువుకోగలరు. అర్జీ వ్రాయడం నేను ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. పాత చేపల సంఘం గోడ మీది నోటీసులు చదివి నేర్చుకున్నాను. ఇందులో తప్పులుంటే అవి సంఘానివి.

1. మా గ్రామం నుండి పురపాలక సభకు ఇద్దరు పోటీలో ఉన్నారు. ఒకరు నా భార్య మైమూ. రెండవవాడు మా పొరుగింటి ఎందెల్ కోప్, నాతో కలిసి వల వేసేవాడు. సభ దగ్గర ఒక్క పనికి సరిపడా సొమ్మే ఉందట. మైమూ గెలిస్తే మంగళవారం, శనివారం మా ఊరికి వచ్చే దుకాణం బండి ఆగిపోదు. ఎందెల్ గెలిస్తే పడవలు కట్టుకునే రేవు బాగుపడుతుంది. రొట్టె లేకుండా నేను ఉండలేను. పడవ లేకుండానూ ఉండలేను. కిందటిసారి మా ఊరి స్థానం ఒకే ఒక్క ఓటుతో తేలింది. కాబట్టి నా ఓటు విషయంలో నేను జాగ్రత్త పడటం సబబేనని తమరు ఒప్పుకుంటారు.

2. ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చుని ఓటు వేసే సదుపాయం, వేసినది నచ్చకపోతే శనివారం సాయంత్రం లోపు ఎన్నిసార్లయినా మళ్ళీ వేసుకునే సదుపాయం ప్రభుత్వం వారు కల్పించారు. చివర వేసినదే లెక్కలోకి వస్తుంది. ఎవరైనా మెడ మీద కత్తి పెట్టి ఓటు వేయించుకుంటే, వాడు పోయాక మనం మార్చుకోవచ్చునని ఈ ఏర్పాటు చేశారని విన్నాను. మంచి ఆలోచనే. నా మెడ మీద ఎవరూ కత్తి పెట్టలేదు. కష్టం అక్కడే వచ్చింది.

సోమవారం పొద్దున కాఫీ తాగి మైమూకు ఓటు వేశాను. భర్తగా అది నా విధి. ఆ పని అంతటితో అయిపోయిందనుకుని రోజంతా వల బాగుచేసుకున్నాను.

3. మంగళవారం మన "దీపస్తంభం" పత్రిక వచ్చింది. అందులో మైమూ ఫోటో రంగుల్లో, పేజీలో సగం, చేతిలో ఆపిల్ కేకుతో వేశారు. ఎందెల్‌ది ఆ పేజీ అడుగున మూలకు వేశారు. వల కన్ను కొలిచే చెక్కతో రెంటినీ కొలిచాను. మైమూ ఫోటోలోంచి పెద్ద చేప సునాయాసంగా తప్పించుకుపోతుంది. ఎందెల్ ఫోటోలో చిన్న చేప తల కూడా దూరదు. పైగా అతని కళ్ళు మూసి ఉన్నాయి. వెనక చెత్త తొట్టి ఉంది.

నేను పక్షపాతం సహించను. నా భార్య పక్షాన చూపినా సహించను. ఆ సాయంత్రం కంప్యూటరులో గుర్తింపు కార్డు పెట్టి, రహస్య సంఖ్య నొక్కి, ఓటును ఎందెల్‌కు మార్చడమైనది.

4. బుధవారం దీవి రేడియోవారు ఇద్దరినీ పిలిచారు. ఎందెల్ రేవు గురించి మొదలుపెట్టి, రేవు మీదుగా చేపల మీదికి, అక్కడి నుండి వాళ్ళ తాతగారి పడవ మీదికి వెళ్ళి, ఆ పడవ మునిగేదాకా చెప్పాడు. ఎవరూ ఆపలేదు. మైమూ నోరు తెరిచి "మన ఊళ్ళో ముసలివాళ్ళకి రొట్టె" అన్నదో లేదో, గాలి వల్ల పడవ సర్వీసు ఆలస్యమని ప్రకటన వేశారు. అది అయ్యేసరికి కార్యక్రమం అయిపోయింది.

ఓటును మైమూకు మార్చడమైనది.

5. గురువారం రేడియోవారు జరిగినదానికి క్షమాపణ చెప్పి, మైమూ పేరు మీద వాల్ట్జ్ అనే నాట్యపు పాట ఒకటి వేశారు. ఎందెల్ పేరు మీద ఏ పాటా వేయలేదు. మార్చడమైనది.

6. శుక్రవారం పత్రికలో సవరణ వచ్చింది. "అభ్యర్థి ఎందెల్ కోప్ గారి కళ్ళు మామూలుగా తెరుచుకునే ఉంటాయని పాఠకులకు తెలియజేస్తున్నాము" అని మొదటి పేజీలో వేశారు. పక్కన కళ్ళు తెరిచిన ఫోటో, అదీ తలుపంత. చెత్త తొట్టి లేదు. వెనక సముద్రం, సూర్యాస్తమయం. మైమూ పేరు పత్రిక మొత్తం మీద ఎక్కడా లేదు. వాతావరణం పేజీ కూడా చూశాను.

మార్చడమైనది.

7. ఆ రాత్రి భోజనాల దగ్గర జరిగిన సంభాషణ ఉన్నదున్నట్టు వ్రాస్తున్నాను.

"ఏమయ్యా, ఓటేశావా?" అన్నది మైమూ.

"వేస్తున్నా."

"వేస్తున్నా ఏంటి? అదేమన్నా వంటా, పొయ్యి మీదుందని చెప్పడానికి? వేశావా లేదా?"

"వేశా."

"ఎవరికి?"

నేను సూపులో ఉప్పు తగ్గిందన్నాను. ఉప్పు సరిపోయింది. ఆ సంగతి ఆమెకూ తెలుసు. గరిటె కింద పెట్టి నా వంక చూసింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ చూపు నేను ఒక్కసారే చూశాను. తన కొత్త టోపీ ఎలా ఉందని అడిగినప్పుడు గాలి ఎటు ఉందో చెప్పాను, అప్పుడు.

ఆ క్షణాన నా ఓటు ఆమెకే ఉందని తమరు గమనించగలరు. ఆ మాట చెప్పి ఉండవచ్చును. కానీ నిన్న ఎవరికి ఉందని అడిగితే? నేను అబద్ధం చెప్పను. అందుకనే తక్కువ మాట్లాడతాను.

8. ఇక ఈ అర్జీకి అసలు కారణం. ఈ పొద్దున దుకాణం బండి దగ్గర అందరూ పత్రికలు పట్టుకుని పోగయ్యారు. అభ్యర్థులిద్దరూ అక్కడే ఉన్నారు.

"మంగళవారం నాటి ఫోటో చూశారా?" అన్నది మూలింటావిడ లైనే. "మైమూ మొహం మీద ముడతలు ఊరంతా లెక్కపెట్టుకోవాలనే అంత పెద్దది వేశారు. ఆ పత్రిక ఎందెల్ మనిషిది, నేను రాసిస్తా!"

"అదే కదా నేననేది!" అన్నది మైమూ, రొట్టె చంకలో పెట్టుకుని. "నా మొహం అంత దగ్గరగా నేనే అద్దంలో చూసుకోలేదు."

"ఆహా, మరి నాదో?" అన్నాడు ఎందెల్. "తపాలా బిళ్ళంత వేసి, కళ్ళు మూసి, పోయినవాడి ఫోటోలా! మా అక్క తాలిన్ పట్నం నుంచి ఫోన్ చేసి, ఎప్పుడు పోయావురా అని అడిగింది!"

"నిన్నే అడిగిందా?" అన్నది లైనే.

"నన్నే!"

"నువ్వు ఊరికే గోల చెయ్యకు," అన్నాడు బండి నడిపే ఆగు అనేవాడు, బండి పైనుంచి. "నీ వెనక తొట్టి ఎందుకు వేశారు? ఆ తొట్టి ఊరికి తెప్పించింది నువ్వు కాబట్టి. అది నీకు పొగడ్త! పత్రిక నీదే. ఏమంటావు హెల్దుర్? నువ్వు తెలివిగలవాడివి. పత్రిక ఎవరి వైపు?"

అందరూ నా వైపు తిరిగారు.

"నల్ల రొట్టె ఇంకా ఉందా?" అన్నాను.

అమ్మా, ఇంటికి వచ్చి పత్రికలన్నీ బల్ల మీద పరిచాను. పెద్ద ఫోటో మేలుకు కాక కీడుకు వేసినదైతే, మంగళవారం నేను మైమూకు చేయవలసిన న్యాయాన్ని ఎందెల్‌కు చేశాను. అప్పుడు శుక్రవారం తలుపంత ఫోటో ఎందెల్‌కు కీడు. సూర్యాస్తమయం అంటే అతని పని అయిపోయిందని సూచనేమో. వాల్ట్జ్ పాట కూడా వెక్కిరింతేమో, మైమూకు నాట్యం రాదు. వారం అంతా నేను న్యాయం చేయబోయి అన్యాయం చేశానేమో. లేక అన్యాయం చేయబోయి న్యాయమే జరిగిందేమో. పక్షపాతం ఉన్నదని అందరికీ తెలుసు. ఎటు ఉన్నదో నాకు ఒక్కడికే తెలియడం లేదు. ఇంకా సాయంత్రం వరకు గడువు ఉంది. కార్డు బల్ల మీదనే ఉంది. దానికేసి చూస్తుంటే చెయ్యి ఊరుకోవడం లేదు.

కావున ప్రార్థించునది:

(అ) నా ఓటు ప్రస్తుతం ఎక్కడ ఉన్నదో అక్కడనే ఉంచి తాళం వేయించగలరు. ఇందు నిమిత్తం నా గుర్తింపు కార్డును కవరులో జతపరచి పంపుచున్నాను. ఎన్నికలు ముగిసిన పిదప తిరిగి ఇప్పించగలరు. మందుల దుకాణంలో అవసరం ఉంటుంది.

(ఆ) పత్రిక ఎవరి వైపు ఉన్నదో పైన, ధర పక్కన, అచ్చు వేయవలసిందిగా ఉత్తర్వు ఇవ్వగలరు. ఎవరి వైపూ కాకపోతే అదీ వేయవలెను. అప్పుడు మేము నమ్మము, అయినా వేయవలెను.

(ఇ) ఓటు రహస్యమన్నది చట్టమని, భర్త ఓటు కూడా అందులోకి వస్తుందని, తమరు మా ఇంటికి వచ్చి మైమూతో చెప్పగలరు. నేను ఆ పూట పడవ మీద ఉంటాను. కేకు ఉంటుంది.

ఈ మనవిని దయతో చిత్తగించి, పత్రికలో వేయకుండా ఉండవలెనని కోరుచున్నాను.

ఇట్లు
తమ ఆజ్ఞకు బద్ధుడు, ఎటూ తేలని ఓటరు,
హెల్దుర్ లాయిద్

తా.క.: శనివారమే, చీకటి పడ్డాక. వాన వెలిసింది. ఆవిరి స్నానాల గది పొయ్యి రాజేయడమైనది, ఎందెల్ వాళ్ళతో వంతుల్లో ఈ వారం మాది. తపాలా కార్యాలయం మూసి ఉన్నందున అర్జీ నా దగ్గరే ఉండిపోయింది.

స్నానాలయ్యాక నేను, మైమూ, ఎందెల్ మెట్ల మీద కూర్చుని బీరు తాగుతూ చేప తింటున్నాం. కంప్యూటరు ఓట్లకు గడువు దాటిపోయింది. ఎందెల్ చాలాసేపటి నుంచి చేప ముల్లు తీస్తూనే ఉన్నాడు. ఆ చేపలో అన్ని ముళ్ళు లేవు.

"మైమూ, నీకో సంగతి చెప్పాలి. నవ్వకూడదు."

"నవ్వను. చెప్పు."

"నేను నీకే వేశా."

"ఏంటి?"

"ఓటు. రేడియోలో నీ మాట సగంలో కోసేశారు కదా. నేనేమో తాత పడవ మునిగేదాకా వాగాను. ఇంటికొచ్చాక నాకు నేను వేసుకోవడానికి చెయ్యి రాలేదు."

మైమూ నవ్వనన్నది కానీ నవ్వింది. బీరు ముక్కులోకి పోయి దగ్గింది. నేను వీపు మీద చరిచాను.

"ఓరి పిచ్చోడా! నేను నీకు వేశానురా! ఆ కళ్ళు మూసుకున్న ఫోటో చూశాక నాకు ఏడుపొచ్చింది. పోయినవాడితో పోటీ పడుతున్నట్టుంది."

"మరి పొద్దున బండి దగ్గర, పత్రిక నా మనిషిదని అరిచావుగా?"

"అరిచాను. అది వేరే సంగతి."

"రేవు దండగన్నావు."

"దండగే. అది ఇంకో సంగతి."

తర్వాత ఎందెల్ అన్నాడు: "రేపు గ్రంథాలయంలో కాగితం మీద వేస్తే కంప్యూటర్‌లోది కొట్టుకుపోతుందట. పోదాం. ఎవరి ఓటు వాళ్ళం వేసుకుందాం."

"సరే. నీదీ నాదీ చెల్లుకు చెల్లు."

"చెల్లుకు చెల్లు."

అప్పుడు ఇద్దరూ ఒకేసారి నా వైపు తిరిగారు.

నేను లేచి వెళ్ళి ఆవిరిగది పొయ్యిలో ఇంకో కట్టె పెట్టాను. ఇక ఎవరూ స్నానం చేసేది లేదు.

పై (అ) విరమించుకుంటున్నాను. రేపు కార్డు లేనిదే కాగితం ఇవ్వరు కాబట్టి దానిని కవరులోంచి తీసుకున్నాను. (ఇ) మాత్రం మునుపటికన్నా అత్యవసరమని గమనించగలరు.

మరొక తా.క.: ఆదివారం. పడమటి గాలి, తెరిపి. పొయ్యిలో బూడిద ఎత్తి ఆపిల్ చెట్టు మొదట్లో పోయడమైనది. ఎందెల్ కారులో ముగ్గురం గ్రంథాలయానికి వచ్చాం. మైమూ ముందు సీట్లో కూర్చుంది. ఇద్దరూ దారి పొడుగునా గాలి గురించి మాట్లాడుకున్నారు, నాకు వినబడేలా. ఒకసారి మైమూ రొట్టె ధర అన్నది. వెంటనే ఎందెల్ రేవు దగ్గర గుంట చూసి నడపాలన్నాడు. ఆ దారిలో రేవు రాదు.

గుమ్మం దగ్గర "దీపస్తంభం" పిల్ల కెమెరా పట్టుకుని నిలబడి ఉంది. "ఇద్దరూ కలిసి నిలబడండి, ఒకే కొలతలో వస్తారు," అన్నది. కెమెరా ఎత్తగానే మైమూ రెండడుగులు ముందుకు జరిగింది. మెరుపు మెరవగానే ఎందెల్ కళ్ళు వాటంతటవే మూసుకున్నాయి. మళ్ళీ తీసింది. మైమూ ఇంకొంచెం ముందుకు వచ్చింది, ఎందెల్ మళ్ళీ కళ్ళు మూశాడు. ఆ పిల్ల చాలాసేపు ప్రయత్నించింది.

నేను చూస్తూ నిలబడ్డాను. పై (ఆ) కూడా విరమించుకుంటున్నాను.

తమరు లోపల బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు, కాబట్టి ఇది చేతికే ఇస్తాను. గోడ పక్క బెంచీ మీద కూర్చుని ఈ చివరి వరుసలు వ్రాస్తున్నాను. మైమూ ఓటు వేసి వచ్చి కిటికీ దగ్గర నిలబడింది. ఎందెల్ వేసి వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. ఇద్దరూ సముద్రం వైపు చూస్తున్నట్టు నిలబడ్డారు. ఆ కిటికీలోంచి సముద్రం కనబడదు.

నా వంతుకు నేనూ వెళ్ళి వచ్చాను. కార్డు చూపించి, కాగితం తీసుకుని, తెర వెనక్కి వెళ్ళాను. పెన్సిలు బాగా చెక్కి ఉంది. దానితో... ఇద్దరూ కిటికీ విడిచి ఇటే వస్తున్నారు, ఈ కాగితం మడిచేస్తున్నాను.