ఐదో తెర నుంచి ఇంగ్లీషు

రఫీ,

నువ్వు ఇరవై ఏళ్లు తెలుగు చేసిన కంప్యూటర్ వ్యవస్థ లినక్స్‌కు మొన్న కొత్త విడుదల వచ్చింది. నువ్వు పోయాక ఇదే మొదటిది. శింగనమల బడి కంప్యూటర్లలో పిల్లలే దాన్ని ఎక్కించుకోవాలన్నది నీ నియమం కదా, చూద్దామని పోయాను.

మొదట భాష అడిగింది. పిల్లలు తెలుగు నొక్కారు. నాలుగు తెరల వరకు నీ మాటలే. 'ఈ డిస్కులో ఉన్నదంతా పోతుంది, సరేనా?' అని నీలాగే సూటిగా అడిగింది. ఐదో తెర నుంచి అంతా ఇంగ్లీషు. పిల్లల చేతులు ఆగిపోయాయి.

లెక్కల టీచరు నారాయణమ్మ నవ్వింది.

"ఏమన్నా ఇది, సగం తెలుగు, సగం ఇంగ్లీషు? రాసినాయన నడుమ నిద్రపోయినాడా ఏమి? పిల్లోళ్లు ఈడికొచ్చి నిలబడిపోతాండారు. మొత్తం ఇంగ్లీషే పెట్టేద్దాం లేన్నా."

పెట్టేశారు.

నువ్వు నిద్రపోలేదు. మిగతా వాక్యాలన్నీ ఆసుపత్రి మంచం మీదే పూర్తి చేసి నాకు పంపావు. ఇంకో మనిషి సరిచూస్తేనే లినక్స్ తయారుచేసేవాళ్లు తీసుకుంటారని చెప్పావు.

"గంట పనన్నా, అంతే. నీ తెలుగు బాగుంటాది" అన్నావు.

ఎన్నికలు అయిపోనీ అన్నాను. ఆ తర్వాత కరువు చూడటానికి కేంద్ర బృందం వచ్చింది. ఆ వార్తలు పత్రికకు గడువులోగానే పంపాను.

బడి నుంచి ఇంటికి రాగానే నీ ఫైలు తెరిచాను. నలభై నిమిషాలు పట్టింది. ఒక్క తప్పు కూడా లేదు.