శాలువా ఆయనకు, చెయ్యి నాది

కడప, గురువారం

రేపే మేయర్ ఎన్నిక, చేతులెత్తి ఓటెయ్యాల. రెండు పార్టీలకూ కార్పొరేటర్లు సమానం, ఇండిపెండెంటుగా గెలిచింది నేనొక్కదాన్నే. అందుకే ఈపొద్దు ఒక పార్టీ మేయర్ అభ్యర్థి మద్దతు అడిగేదానికి మా ఇంటికే వచ్చినాడు. వచ్చి, శాలువా మా ఆయనకు కప్పినాడు! "అన్నా, మీ ఓటు మాకే" అన్నాడు. ఈయన తలూపబోతాంటే నాకు ఒళ్లు మండింది. టీ గ్లాసులు ఆడనే పెట్టి, "రేపు ఎత్తాల్సింది నా చెయ్యన్నా. మా వార్డుకు నీళ్లు ఎప్పుడిస్తావో నాకు చెప్పు" అన్నా. ఆ మనిషి మొహం చూడాల!

నలుగురిలో మాట తీసేసినానని ఈయనకు కోపమొచ్చిందేమో అనుకున్నా. ఇందాక వచ్చి మెల్లగా అడిగినాడు, "ఎవరికి ఎత్తుతాండావు?" అని. పెండ్లయినాక నా మనసులో ఏముందో ఆయన అడగడం ఇదే మొదలు.

చెప్పలేదు. రేపు అందరితో పాటే చూస్తాడు.