ఆవులప్ప మెడలో చేపల దండ

ఛాంపియన్ రీఫ్స్, కేజీఎఫ్,
ఆగస్టు 17, ఆదివారం.

అన్న శశికి, చెల్లెలు మాల నమస్కారాలు.

ఇక్కడ అమ్మా నేనూ కులాసాగానే ఉన్నాం. నువ్వూ బాగున్నానని రాశావు గానీ, నీ అక్షరాలు కాగితం అవతలి వైపుకి పొడుచుకొచ్చాయి. పెన్ను అంత గట్టిగా పట్టుకోకు.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. వానలు మొదలైనప్పటి నుంచి అమ్మ మోకాలు ఇబ్బంది పెడుతోంది. అయినా పాలకు వీధి చివరిదాకా తనే నడుస్తుంది. నేను తెస్తే ప్యాకెట్టు పిసికి చూసి, "ఇది నిన్నటిది" అంటుంది. లైను ఇంటి రేకులు మార్పించాను, ఇప్పుడు వంటింట్లో కారడం లేదు. నీకు పంపిన దుప్పటి పార్సిలు తిరిగి వచ్చింది. డిసెంబరులో నువ్వే వస్తున్నావు కదా అని మళ్లీ పంపలేదు.

"చేపలు లెక్కపెట్టేదానికి సర్కారు జీతమా?" అని ఎగతాళి చేశావు. చేస్తే చేశావు గానీ, పని చెప్తాను విను. మాది వన్యప్రాణి విభాగంలో చేపల పరిశోధన జట్టు. రెండేళ్లుగా దానికి నేనే పెద్దను. కోలారు చుట్టుపక్కల చెరువుల మీదికి గూడబాతులు, కొంగలు వచ్చి చేపలు తింటాయి కదా. రెండేళ్ల కిందట అవి చచ్చిపోవడం మొదలైంది. తిన్న చేపలో ఏముంది, చేప బతికిన నీళ్లలో ఏముంది, ఆ నీళ్ల కింది బురదలో ఏముంది అని మేము చూస్తాం. పద్దెనిమిది చెరువుల జాబితా ఇచ్చారు. పన్నెండో పేరు చిన్నేపల్లి చెరువు.

ఆ ఒక్కటి కోలారు ఆఫీసులో ఇంకెవరికైనా అప్పగించి ఉండవచ్చు. నేను అప్పగించలేదు.

ఆవులప్ప ఇంకా బతికే ఉన్నాడా అని అడిగావు. ఉన్నాడు. అరవై నాలుగేళ్లు. నువ్వు నరికిన చెయ్యి రెండు వేళ్లు లేకుండా మానింది. మిగిలినదంతా ఈ ఉత్తరంలో రాస్తాను. మీ జైలు ఆఫీసు వాళ్లు విప్పి చదువుతారని తెలుసు. చదవనీ. ఇందులో నేను పైవాళ్లకు చెప్పుకోనిది ఏదీ లేదు.

నాయనకు జరిగింది నీకు పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు. నువ్వప్పుడు హోసూరులో పనిలో ఉన్నావు. చూసింది అమ్మా నేనూ. గనులు మూతపడ్డాక నాయన ఎన్ని పనులు మారాడో నీకు తెలుసు. చివరికి సుగటూరు దాటి ఆ చిన్నేపల్లిలో, చేపల సంఘం వాళ్లకు చెరువు కాపలాగా కుదిరాడు. ముప్పై ఏళ్లు చీకట్లో పనిచేసిన మనిషికి ఆ కట్ట మీద ఎండలో కూర్చోవడం ఎంత ఇష్టంగా ఉండేదో! 2014 మే నెలలో ఒక ఉదయం చెరువంతా తెల్లగా తేలింది. నేను కాలేజీ సెలవులకు వచ్చి అక్కడే ఉన్నాను. చేపలే కాదు, కప్పలు చచ్చాయి, నీటి పాములు చచ్చాయి. నీళ్లు పరీక్షించిన అధికారి సైనైడ్ ఉందన్నాడు. ఎక్కడినుంచి వచ్చిందో ల్యాబు రిపోర్టు వచ్చేదాకా చెప్పలేనని వెళ్లిపోయాడు.

చెరువు ఎగువన ఇనప సామాన్లకు నికెల్, క్రోమియం పూత పూసే షెడ్డు ఉండేది. అది ఆవులప్పది. నికెల్ కంటే ముందు రాగి పూత వేసే తొట్లలో సైనైడ్ వాడతారు. ఆ సంగతి ఊళ్లో అతనికి తప్ప ఎవరికీ తెలియదు. అందుకే అతను ముందే నోరు తెరిచాడు. "సైనైడ్ యాడ ఉండాది? కేజీఎఫ్ బంగారు గనుల్లో ఉండాది. గనులోడు ఎవుడు ఈ ఊర్లో?" అన్నాడు. ఇంక చెప్పాల్సింది ఏముంది? నాయన చేతులు వెనక్కి కట్టి, చచ్చిన చేపలు దండ గుచ్చి మెడలో వేసి, వీధి వీధీ తిప్పారు. అమ్మను ఇద్దరు ఆడవాళ్లు చెరో రెక్కా పట్టుకుని నిలబెట్టి చూపించారు. నాయన ఒక్క మాటే మళ్లీ మళ్లీ అన్నాడు. "కప్పలు గూడా చచ్చినాయి సామీ, ఎగువ నీళ్లు చూడండి." ఎవరూ చూడలేదు. ఇంటికొచ్చాక రెండేళ్లు బతికాడు, గుమ్మం దాటలేదు. ఆ తరువాత నువ్వు కత్తి పట్టుకుని వెళ్లావు.

ఇప్పుడు ఈ ఏడాది సంగతి. ఫిబ్రవరిలోనే చిన్నేపల్లి చెరువులో, తూము దగ్గర పూడిక తీయని మూలలో, పైపు దించి బురద తీశాం. సైనైడ్ నిలవదు, ఎండకు పోతుంది. దాంతోపాటు వచ్చిన నికెల్, క్రోమియం పోవు. బురదలో పొర కట్టుకుని పడి ఉంటాయి. ఆ ముక్కలు ల్యాబుకు పంపి ఎదురుచూస్తున్నాను.

అంతలో మే చివర, మూడు రోజులు మబ్బు పట్టి, నాలుగో రోజు తెల్లారేసరికి ఆ చెరువులో మళ్లీ చేపలు తేలాయి. సంఘం అధ్యక్షుడు ఆంజినప్ప ఫోను చేశాడు. నేనూ, మా జట్టులో కొత్తగా చేరిన రక్షితా, డ్రైవరు శ్రీనివాసమూర్తీ ఆరు గంటలకల్లా కట్ట మీద ఉన్నాం. ఊరంతా అక్కడే ఉంది. ఆ వేసవిలోనే చెరువు తనకు గుత్తకు ఇవ్వలేదని ఆవులప్ప సంఘం వాళ్లతో గొడవపడి, "ఒక్క చేప గూడా మీకు దక్కదు, చూస్తాండండి" అన్నాడట. ఇంక ఊరికి వేరే సాక్ష్యం అక్కర్లేదు.

అన్నా, నాకు పావుగంటలో తెలిసిపోయింది. కప్పలు అరుస్తున్నాయి. కొరమీన్లు బతికే ఉన్నాయి. అవి పైకొచ్చి గాలి పీల్చుకుంటాయి. చచ్చినవన్నీ కట్ల, రోహు, అవీ పెద్దవి ముందు. రక్షిత పడవలోంచి మీటరు దించింది. ఆక్సిజన్ సున్నా పాయింట్ నాలుగు. నాచు పట్టిన పచ్చ నీళ్లు, మబ్బు. రాత్రికి రాత్రి నీళ్లలో గాలి అయిపోయింది. అంతే.

"మేడం, ఇది విషం గాదు. ఊపిరాడక చచ్చినాయి. ఒడ్డుకు పోయి చెప్పేదా?" అంది రక్షిత.

"పుస్తకంలో రాసుకో. ఎవరికీ చెప్పొద్దు. బురద రిపోర్టు కూడా వచ్చాక రెండూ కలిపి చెప్దాం" అన్నాను.

ఆ పిల్ల నా ముఖం చూసి, తల ఊపి రాసుకుంది.

ఒడ్డుకు రాగానే ఆంజినప్ప అడిగాడు. "మేడం, విషమే గదా? ఒక్క మాట చెప్పండి, మిగతాది మేం చూసుకొంటాం."

"ల్యాబు రిపోర్టు వచ్చేదాకా ఏమీ చెప్పలేను" అన్నాను.

పదకొండేళ్ల కిందట ఆ అధికారి నోటి నుంచి వచ్చిన మాటే అది. దాన్ని ఆ ఊరి చేతికిస్తే ఏం చేస్తుందో నాకు తెలుసు. తెలిసే ఇచ్చాను.

మూడో రోజు చేశారు. ఆ రోజు నాకు అక్కడ పనేమీ లేదు. నీళ్లు తీయాలని చెప్పి వెళ్లాను. కుళ్లిన చేపలు పురికొసకు గుచ్చి అతని మెడలో వేశారు. చొక్కా చిరిగింది. మూడు వేళ్ల చెయ్యి అడ్డం పెట్టుకుని నడుస్తున్నాడు. పిల్లకాయలు వెనక డబ్బాలు కొడుతున్నారు. నేను జీపు పక్కనే నిలబడి చూశాను. నన్ను చూసి అతను దాదాపు పరిగెత్తుకొచ్చాడు.

"మేడం, చదువుకున్నోళ్లు మీరు, మీకు తెలుసు గదా! ఇది నేను చేసింది గాదు!"

నేను అతని దగ్గరికి వెళ్లి, అతనికి మాత్రమే వినబడేటట్టు చెప్పాను. "నేను కేజీఎఫ్ మారప్ప కూతుర్ని."

అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. "అమ్మా, దేవుని తోడు, ఇది నేను చెయ్యలేదు" అన్నాడు.

"తెలుసు. మా నాయనా చెయ్యలేదు" అన్నాను.

అన్నా, ఆ క్షణంలో నాకు కలిగిన తృప్తి గురించి నీకు అబద్ధం చెప్పను. ఆకలి మీద అన్నం తిన్నట్టు ఉంది.

ఎనిమిదో రోజు బురద రిపోర్టు వచ్చింది. నికెల్, క్రోమియం, రెండూ ఉన్నాయి. మామూలు కంటే ఎన్నో రెట్లు, ఒకే పొరలో. కానీ లోహానికి పేరు ఉండదు కదా. ఎవరు పోశారో కాగితం చెప్పదు. ఆ పేరు నాకు అతని నోటి నుంచే కావాలి.

తొమ్మిదో రోజు పొద్దున అతని భార్య రత్నమ్మ తమకలోని మా ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఉంది. నా కాళ్లు పట్టుకుంటుందేమో అనుకున్నాను. పట్టుకోలేదు. కూర్చున్న చోటు నుంచే తలెత్తి చూసింది.

"ఆయన తిండి మానేసినాడు. తలుపు తియ్యడు. గోడవైపు తిరిగి పండుకొని ఉండాడు. నీకేం కావాల్నో చెప్పు తల్లీ."

"నిజం కావాలి. ఊరి ముందర, ఆయన నోటితో" అన్నాను.

"చెప్పినాక?"

"చెప్పినాక నా దగ్గరున్న నిజం నేనూ చెప్తాను."

ఆమె నన్ను చూసిన చూపుకి పేరు పెట్టలేను. లేచి వెళ్లిపోయింది. పక్కన రక్షిత నిలబడి ఉందని అప్పుడు గమనించాను.

మర్నాడు చిన్నేపల్లి పంచాయితీ ఆఫీసు ముందు ఊరంతా చేరింది. ఆవులప్పను రత్నమ్మ చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చింది. అతను నిలబడలేక కూర్చునే చెప్పాడు. "అప్పుడు తొట్లు కడిగిన నీళ్లు కాలవలోకి వదిలింది నేనే. మారప్పకేం సంబంధం లేదు. నాకు తెలిసే అతని పేరు చెప్పినాను." నాయన చేతులు కట్టినవాళ్లలో నలుగురు ముందు వరసలోనే ఉన్నారు. వాళ్లు నేల చూశారు. ఆంజినప్ప చేత ఆ మాటలన్నీ తీర్మానంగా రాయించి, సంతకాలు పెట్టించాను. అప్పుడు సంచిలోంచి మా పుస్తకం తీసి, మే నెల చేపలు ఊపిరాడక చచ్చాయని, ఇందులో ఎవరి తప్పూ లేదని చదివాను.

"ఈ సంగతి మీకు ఎప్పుడు తెలుసు మేడం?" అని ఆంజినప్ప అడిగాడు.

నేను పుస్తకం మూశాను. రక్షిత చెప్పింది. "మొదటి రోజే."

ఇదీ అన్నా, నేను రెండు నెలలుగా నీకు రాయకుండా దాచింది. నిర్దోషి అని తెలిసిన మనిషిని పది రోజులు ఊరి చేతిలో వదిలేశాను. అదీ సర్కారు నమ్మి నా చేతికిచ్చిన పుస్తకం మూసిపెట్టి. నా మీద ఫిర్యాదు రాసింది రక్షితే. ఆ పిల్ల చేసింది సరైన పని. నా దగ్గర పని నేర్చుకున్న పిల్ల అలా రాయకపోతే నేనే బాధపడేదాన్ని. జట్టు నా చేతి నుంచి తీసేశారు. విచారణ నడుస్తోంది, ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదు.

ఇంటికొచ్చి అమ్మకు అంతా చెప్పాను. సంతోషిస్తుందనుకున్నాను. చాట పక్కన పెట్టి, ఒకే ఒకటి అడిగింది.

"రత్నమ్మ చూసిందా, ఆ దండ?"

"చూసింది."

"ఎవురైనా పట్టుకొన్నారా ఆయమ్మను?"

"లేదు. తనే పరిగెత్తుకొచ్చింది."

అమ్మ మోకాలు రుద్దుకుంది. "ఆవులప్పకు చేసింది చేసినావు. ఇంగ ఆయమ్మేం చేసిందే నీకు?" అంది. ఆ రోజు అన్నం తినలేదు. తెల్లారి మాత్రం తీర్మానం కాగితం నా చేత మూడుసార్లు చదివించుకుంది. నాయన పేరు వచ్చిన చోట వేలు పెట్టి చూపించమంది.

పోయిన వారం విచారణాధికారి అడిగాడు, పశ్చాత్తాపం ఉందా అని. "రత్నమ్మ విషయంలో ఉంది. ఆవులప్ప విషయంలో లేదు" అన్నాను. ఆయన కళ్లజోడు తీసి, అలాగే రాయాలా అని అడిగాడు. అలాగే రాయించాను.

ఇంక నీకు చెప్పాల్సింది. బయటికొచ్చాక నువ్వు ముందు ఎక్కడికి వెళ్లాలనుకుంటున్నావో నాకు తెలుసు. కాగితాన్ని పొడిచిన ఆ అక్షరాలే చెప్పాయి. జాబితాలో ఆ చెరువు పేరు చూసినప్పుడు నాయన కంటే ముందు నువ్వే గుర్తొచ్చావు. ఎనిమిదేళ్లు నువ్వు పెంచుకున్నదంతా డిసెంబరులో ఒక్క పూటలో ఖర్చు పెడతావు, మళ్లీ లోపలికి వెళ్తావు, ఈసారి అమ్మ నీ కోసం అన్నేళ్లు ఉండదు. అందుకే ఆ పగలో నీ వాటా కూడా నేనే తీసేసుకున్నాను. నిన్ను అడగలేదు. అడిగితే ఇచ్చేవాడివి కాదు. ఇప్పుడు ఆవులప్ప దగ్గర నీకు రావాల్సింది ఏమీ లేదు. గోడవైపు తిరిగి పడుకున్న ముసలాయన ఒకడున్నాడు, అంతే. నీకు కోపం మిగిలితే ఇంటికి రా, నా మీద తీర్చుకో. నేను తలుపు తీసే ఉంచుతాను.

తీర్మానం నకలు ఇందులో పెట్టాను. మడత విప్పేటప్పుడు జాగ్రత్త.

ఇట్లు,
నీకు చెప్పకుండా నీ పని చేసిన
చెల్లెలు మాల.