రాజు పడవ దిగిన రోజు

సుజాతా,

లోకం విడిచినవారికి రాసే ఉత్తరంలో రాసేవారి హోదాను ముందుగా తెలపడం సరైన పద్ధతి. కనుక తెలుపుతున్నాను: నేను ఇప్పటికీ నీ భర్తనే. విషయం: మనం సగంలో ఆపిన మాయల నవల.

నేను చదివేవాణ్ణి, నువ్వు ఊఁ కొట్టేదానివి. నువ్వు ఊఁ అననిదే పేజీ తిప్పరాదన్నది ఈ ఇంటి నియమం. పొగమంచుగా మారిపోయిన రాణిని వెతుకుతూ రాజు పడవలో నది మధ్యకు చేరిన పేజీలో, కోరుట్ల బస్సు టికెట్టు గుర్తుగా పెట్టి నువ్వు ఆసుపత్రికి వెళ్లావు. ఏడాదిగా నియమాన్ని పాటిస్తూ వచ్చాను.

ఈ ఉదయం మన కావ్య ఆ పుస్తకం తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

"బాపూ, ఏడాదాయె, గా రాజు పడవలనే కూసున్నడు. కాళ్లు తిమ్మిరెక్కవా? జర ఒడ్డుకు దింపు."

"మీ అమ్మ ఊఁ అనలేదు బిడ్డా."

"నేనంట గదా, సదువు."

చదివాను. రాజు దిగాడు. అతని ఊరు మారిపోయింది. ఇళ్లన్నీ నేలకు జానెడు ఎత్తున తేలుతున్నాయి. పొగమంచు వచ్చి అతని భుజానికి ఆనింది. కావ్య ఊఁ అంది. నీ కోసం కూడా ఆగాను. కిటికీ పరదా కదిలింది. దానిని ఆధారంగా స్వీకరించలేదు.

కనుక నియమాన్ని సవరించడమైనది. ఇకపై ప్రతి పేజీ చివర నీ ఊఁ కోసం ఆగవలెను. నీ మౌనాన్ని ఊఁగానే పరిగణించి పేజీ తిప్పవలెను. అభ్యంతరం ఉంటే నువ్వు స్వయంగా హాజరు కావలెను. ఇదే అంతిమం.