నేను కట్టిన పాలకవరు

డోన్, సోమవారం

రెజీనా, ముందే చెప్తాండా, నేను బాగుండా, రెండుపూట్లా కడుపునిండా తింటాండా.

మొన్న ఈడ మా వాటర్ సర్వీసులో లారీ కడుగుతాంటే, బయట గోడకుండే ప్లగ్గు బోర్డు కాడ షాకు కొట్టింది. తడవకూడదని దానికి పాలకవరు కట్టింటిమి. మిషన్ నీళ్లు జోరుగా కొడతాయి కదా, సందులో దూరి కవర్లోనే నిలిచినాయి. ప్లగ్గు పీకబోయి ఎగిరిపడినా. మోచెయ్యి గీరుకుపోయింది, అంతే. డాక్టరు గుండె కూడా చూసినాడు. ఏడ్వాకు.

మన చర్చి గోడకు, నక్షత్రం తగిలించే ప్లగ్గుకు, పోయిన క్రిస్మస్‌కు అట్లాంటి కవరే కట్టింది నేనే. భలే కట్టినావని నువ్వూ మెచ్చుకుంటివి. శనివారం మీ అన్న వసంతకుమార్ మిషన్ తెచ్చి ఆ గోడ కడుగుతాడంట. నాకు షాకు కొట్టిన సంగతి ఫోన్లో చెప్తే నవ్వినాడు. నువ్వే నిలబడి చర్చి మెయిన్ ఆపించు. ఆ మీదనే కవరు విప్పమను. మిషన్‌కు కరెంటు పాస్టరయ్య ఇంటి లోపలనుంచి తీసుకోమను. గోడ, ప్లగ్గు బాగా ఆరేదాకా మెయిన్ వెయ్యొద్దు.

బర్రె ఈనిందా? పాపకు దగ్గు తగ్గిందా? ప్రభువు మీ ఇద్దరినీ కాయాల.

ఈ కార్డు బైబిల్లో దాచిపెట్టొద్దు. చర్చి మెయిన్ స్విచ్ మీద అంటించు. మీ అన్న నా మాట వినకపోయినా, స్విచ్ వెయ్యాలంటే నా కార్డు పీకాల్సిందే.

నీ యేసుప్రసాద్