గోడ మీది సంపర్కం

పూజ్యులైన మామయ్యగారి పాదాలకూ, మహారాణి డెక్కలకూ నమస్కారాలు.

గుర్రాలకు గొంతు కింద గడ్డలు లేచే అంటువ్యాధి తిరుగుతోందని భయపడి మీరు పంపిన మహారాణి రక్తం మా ల్యాబుకు క్షేమంగా చేరింది. మహారాణికి ఇప్పుడు జబ్బేమీ లేదు. కాకపోతే ఆమె రక్తమును పరీక్షించగా గతమున సంపర్కము జరిగినట్లు రూఢి అయినది. రెండోసారి రక్తం పంపేవరకు ఆమెను ఒంటరిగా ఉంచవలెను.

చదువుకున్న మీ మేనల్లుడు

తా.క. ‘సంపర్కము’ అన్న మాట నేనే ఏరి వేశాను. మా పెద్ద డాక్టరుగారు మెచ్చుకున్నారు.

---

ఒరేయ్ అల్లుడూ, ఆశీస్సులు తర్వాత.

నీ ఉత్తరం లాయం గుమ్మంలో చదివి అక్కడే కూలబడ్డాను. పిల్లలకు స్వారీ నేర్పే గుర్రం, దానికా ఈ అప్రతిష్ఠ? ఎవరితో అని అడగక్కర్లేదు. మధ్యలో గుండెలెత్తు గోడ, అవతల రొట్టెలవాడి బండిగుర్రం. రోజూ పొద్దున్నే బండి కట్టేముందు రెండూ గోడ మీంచి ముట్టెలు రాసుకుంటుంటే స్నేహమనుకున్నాను, నా కళ్ళు కాలిపోను.

తిన్నగా బేకరీకి పోయాను. “సంపర్కం జరిగిందని రక్తంలో దొరికింది. ఏమంటావు?” అన్నాను. పిండి చేతులతోనే తల దించుకున్నాడు. ఇన్నేళ్ళు ఒకే అరుగు మీద టీ తాగిన మనిషి! ఇక నీ ముఖం చూడనని చెప్పి వచ్చేశాను.

తలెత్తుకోలేని నీ మామయ్య

తా.క. రక్తంలో ఇవన్నీ తెలిసిపోతాయా? మీ అత్తయ్య నాకూ రక్తపరీక్ష చేయిస్తానంటోంది. ఏదో వంక చెప్పి మాన్పించు.

---

మామయ్యగారికి, గంభీర నమస్కారాలు.

రక్తం అబద్ధమాడదు. వెంటనే గోడను ఇంకా ఎత్తుగా కట్టించండి. అవతలివారి గుర్రం రక్తం కూడా పంపితే ఉభయుల వాంగ్మూలాలూ సరిచూడగలం.

సత్యశోధనలో మునిగిన మేనల్లుడు

తా.క. శుభలేఖలు వేయించాల్సి వస్తే భాష నాకు వదిలేయండి.

---

అల్లుడికి,

గోడ ఎత్తించాను. రొట్టెలవాడు గుర్రాన్ని ఎవరికో అమ్మేసి, బేకరీకి తాళం పెట్టి చెల్లెలింటికి వెళ్ళిపోయాడు. మహారాణి మేత ముట్టడం లేదు. కొత్త గోడకు ముట్టె ఆనించి నిలబడుతోంది.

నాడాలు కొట్టే ఆయన వచ్చి, కథంతా విని, సుత్తి కింద పెట్టి నవ్వాడు. ఆ బండిగుర్రానికి చిన్నప్పుడే విత్తులు కొట్టించేశారట. నాకెలా తెలుస్తుంది? గోడ మీంచి ఎప్పుడూ దాని ముఖమే చూశాను.

మరి వాడెందుకు తల దించుకున్నాడురా?

రెండో రక్తం పంపుతున్నాను.

నీ మామయ్య

తా.క. ఈసారి మనుషులు మాట్లాడే తెలుగులో రాయి.

---

మామయ్యా,

ఈసారి నమస్కారం పెట్టడానికి కూడా చేతులు రావడం లేదు. సంపర్కమంటే ఆ జబ్బు క్రిమి ఒంటికి సోకడం. అంతే. ఎప్పుడో సోకింది, తగ్గిపోయింది, దాని గుర్తు రక్తంలో మిగిలింది. రెండో రక్తమూ అదే చెబుతోంది. శీలానికి మా దగ్గర పరీక్షలు లేవు.

‘ఎప్పుడో అంటుకుంది, తగ్గింది’ అని రాస్తే సరిపోయేది. మీరు పొరబడ్డారని తెలిశాక కూడా సరదాపడ్డాను. ఈ ఉత్తరం పట్టుకెళ్ళి రొట్టెలాయనకు చదివి వినిపించండి. తప్పు నాదని చెప్పండి.

చదువు చాలని మీ మేనల్లుడు

తా.క. మీరు రక్తపరీక్షకు నిర్భయంగా వెళ్ళండి. సుగరు తప్ప ఏదీ బయటపడదు.

---

చిరంజీవికి,

వాడి చెల్లెలింటికి వెళ్ళాను. చదివి వినిపించాను. రొట్టెలవాడు నవ్వలేదు.

“నాకు ముందే అర్థమైందన్నా” అన్నాడు. “పోయిన వానల్లో మా గుర్రానికి గొంతు కింద గడ్డ లేచింది. చెబితే నువ్వు గోడ ఎత్తిస్తావని దాచాను. పొద్దున్నే ఆ రెండిటినీ చూస్తూ విడదీయబుద్ధి కాలేదు. రక్తంలో దొరికిందని నువ్వనగానే నా దొంగతనం బయటపడిందనుకున్నా.”

నీ గొప్ప మాట సరిగ్గా అర్థమైనవాడు వాడొక్కడేనన్నమాట.

వాణ్ణి వెంటబెట్టుకొచ్చాను. ఇద్దరం కలిసి గోడ పడగొట్టాం. మళ్ళీ అరుగు మీద టీ తాగుతున్నాం, మాటలే తక్కువ. గుర్రాన్ని కొన్నవాడు దాన్ని ఎటు తోలుకుపోయాడో తెలియడం లేదు.

నీ మామయ్య

తా.క. రొట్టెల బండి వేళకు మహారాణి ఆ గోడ ఉండిన చోటికి వెళ్ళి ముట్టె చాస్తోంది. తగ్గిపోయిందని రాశావు కదా. తగ్గలేదురా.